యాడ్ చాటు నుంచి ఇంటి తలుపులు తట్టే చెయ్యి

నల్లగొండ గడియారం సెంటర్‌కు నాలుగు సందుల అవతల మాదొక చిన్న జిరాక్స్ షాపు. దరఖాస్తులు నింపడం, హాల్‌టికెట్లు తీసివ్వడం, ఫొటోల సైజు తగ్గించడం, రోజంతా ఇదే పని. చలికాలంలో ఒక అక్క తన బిడ్డ ఉద్యోగం కోసం వచ్చింది. నేను ఇంకొకరికి లామినేషన్ చేస్తుంటే ఆమే కంప్యూటర్ ముందు కూర్చుని, నోటిఫికేషన్లు పెట్టే ఒక సైటు తెరిచింది. పైన, పక్కన, మధ్యలో అన్నీ యాడ్‌లే. అంతలో తెర పైమూల ఒక చిన్న పెట్టె లేచింది. మీ లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలను వెతికి వాటికి కనెక్ట్ అవుతాం, ఒప్పుకుంటారా అని అందులో ఉంది. కింద అలో, బ్లాక్ అని రెండు బటన్లు.

"తమ్మీ, ఇదేందో అడుగుతంది. అలో నొక్కాల్నా?"

ఆగమన్నాను. వచ్చి చదివి, బ్లాక్ నొక్కి, అదేమి అడుగుతోందో చెప్పాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి అడిగింది: "ఉద్యోగాలు చూసుకుంటందుకు వస్తే, మన దగ్గరున్న సామాన్లతోని వాళ్లకేం పని?"

షాపులో రద్దీ ఉండి ఆమెకు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంటి నెట్‌వర్క్ సంగతి. కేబులాయన ఫైబర్ తీగ లాగి, గోడకు రౌటర్ డబ్బా బిగించి, వైఫై పాస్‌వర్డ్ చెప్పి పోతాడు. ఆ డబ్బాకు నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పిల్లల ల్యాప్‌టాప్, వాకిట్లో కెమెరా తగిలించుకుంటాం. రౌటర్ ఒక్కోదానికి ఒక్కో లోపలి నంబరు ఇస్తుంది. మా షాపులో రౌటర్ 192.168.0.1, ప్రింటర్ 192.168.0.105, కెమెరాల రికార్డర్ 192.168.0.120. ఈ నంబర్లు బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికే వీటిని వేరుగా పెట్టారు. అందుకే మహబూబ్‌నగర్‌లో మీ రౌటర్‌దీ, సూర్యాపేటలో మా బావమరిది రౌటర్‌దీ ఒకటే నంబరు అయినా ఏ గొడవా రాదు. వీటితో పాటు 127.0.0.1 అని ఒక ప్రత్యేకమైన నంబరు ఉంది. ఏ కంప్యూటర్‌కైనా, ఏ ఫోన్‌కైనా దాని అర్థం "నేనే". ఒకే ఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్‌తో మాట్లాడాలంటే ఈ నంబరు మీద మాట్లాడుకోవచ్చు.

ఈ ఏర్పాటంతా ఒక నమ్మకం మీద నిలబడింది. గోడ లోపల ఉన్నవాళ్లు మనవాళ్లే అన్న నమ్మకం. మా ప్రింటర్ ఎవరు కాగితం పంపినా పాస్‌వర్డ్ అడగదు. టీవీ తన పేరు, కంపెనీ, మోడల్ అడిగిన ప్రతివాళ్లకూ చెబుతుంది. పగటిపూట పల్లెలో ఇంటి తలుపులు తీసే ఉంటాయి చూడండి, అలాగన్నమాట. బయటి నుంచి వచ్చేవాళ్లను రౌటర్ గడప దగ్గరే ఆపుతుందని ధీమా.

వెబ్‌పేజీ ఈ గడప దగ్గర ఆగదు. మనం ఒక సైటు తెరిచామంటే దాని ప్రోగ్రామ్ దిగుమతి అయి మన బ్రౌజర్‌లో, అంటే మన కంప్యూటర్ లోపల నడుస్తుంది. సైటులో యాడ్ ఉంటే ఆ యాడ్ కంపెనీ ప్రోగ్రామ్ కూడా దానితో పాటే వచ్చి నడుస్తుంది. ఇక తలుపు తట్టేది బయటివాడు కాదు, మన కంప్యూటరే. ప్రింటర్ చూస్తే తట్టింది ఇంటి మనిషి. రౌటర్ చూస్తే లోపలి నుంచి లోపలికే పోతున్న మాట. ఎవరికీ అనుమానం రాదు.

నిజానికి బ్రౌజర్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒక సైటు ప్రోగ్రామ్ ఇంకో చోటి నుంచి వచ్చిన జవాబును, అక్కడివాళ్లు ఒప్పుకోనిదే చదవకూడదు. కానీ జవాబు చదవలేకపోయినా తట్టడం మాత్రం తట్టగలదు. తట్టాక ఎంతసేపట్లో ఏం జరిగిందో చూసుకోగలదు. ఒక ఇంటి ముందు నిలబడి "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" అని పిలిచామనుకోండి. లోపలి నుంచి "ఎవరూ లేరు, పో" అని ఒక గొంతు కసిరితే మనకు సంగతి తెలిసిపోయినట్టే కదా. నెట్‌వర్క్‌లో జరిగేదీ అదే. ఆ నంబరులో పరికరం ఉండి, తలుపు మూసి ఉంటే, కాదు అన్న మాట తొందరగా తిరిగొస్తుంది. అసలు పరికరమే లేకపోతే ఎంతసేపు చూసినా ఉలుకూ పలుకూ ఉండదు. కాదన్న జవాబే ఉన్నానన్న జవాబు. ఇంకో తేలిక దారి బొమ్మలది. కొన్ని రౌటర్ల సెట్టింగుల పేజీలో కంపెనీ బొమ్మ ఎప్పుడూ ఒకే పేరుతో, ఒకే చోట ఉంటుంది. సైటు ఆ బొమ్మను అడిగి చూస్తుంది. బొమ్మ వస్తే అది ఫలానా కంపెనీ రౌటరని తేలిపోయింది.

ఇది నేను కళ్లారా చూసిందే. రెండేళ్ల కిందట ఒక కస్టమర్ ఏదో షాపింగ్ సైటులో లాగిన్ అవుతుంటే పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ అనే ట్యాబ్ తెరిచాను. పేజీ ఎక్కడెక్కడికి మాటలు పంపుతోందో అందులో వరుసగా కనిపిస్తుంది. సైటు పేర్ల మధ్యలో ఎర్ర రంగులో పది పన్నెండు వరుసలు, అన్నీ 127.0.0.1 కే. చివర నంబర్లు మాత్రమే వేరు: 5900, 5939, 7070, 3389. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆ నంబర్లను గుర్తుపడతారు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లు వినే పోర్టులవి. 5939 టీమ్‌వ్యూయర్‌ది, 7070 ఎనీడెస్క్‌ది, 3389 విండోస్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్‌ది. పోర్టు అంటే ఒకే ఇంటికి ఉన్న వేర్వేరు తలుపులు అనుకోండి. ఆ పేజీ మా కంప్యూటర్ తలుపులను వరసపెట్టి తట్టుకుంటూ పోతోంది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఇదేదీ కనిపించదు, తిరుగుతున్న చక్రం తప్ప.

ఈ పద్ధతి పెద్ద వార్త అయింది 2020 మేలో. ఈబే అనే షాపింగ్ సైటు, తనను తెరిచినవాళ్ల విండోస్ కంప్యూటర్లలో ఇలాగే 14 పోర్టులను తడుతోందని కొందరు పరిశోధకులు పట్టుకుని బయటపెట్టారు. ఆ ప్రోగ్రామ్ ఈబే సొంతం కాదు. మోసాలను పసిగట్టే థ్రెట్‌మెట్రిక్స్ అనే సేవది, దాని యజమాని లెక్సిస్‌నెక్సిస్. ఉద్దేశం యాడ్‌లు కాదని ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. ఎవరో దొంగ మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడుపుతూ మీ పేరుతో కొంటున్నాడేమో చూసుకోవడానికి ఆ తట్టడం. మన దగ్గర కూడా, కేవైసీ అప్‌డేట్ అని ఫోన్ చేసి ఎనీడెస్క్ వేయించి, ఖాతా ఊడ్చేసిన కేసులు ఎన్ని వినలేదు? అటువంటి దొంగను పట్టడానికి ఒక బ్యాంకు ఇలా చూస్తే నేను తప్పుపట్టను. నా అభ్యంతరం చెప్పకుండా చూడటం మీద. పైగా ఏ ఏ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయన్న ఆ జాబితా ఒకసారి చేతికొచ్చాక, కాపలాదారు కన్నూ వ్యాపారి కన్నూ చూసేది ఒక్కదాన్నే.

మరి వ్యాపారికి దానితో పనేమిటి? యాడ్ వ్యాపారంలో అసలు సరుకు గుర్తుపట్టడం. నిన్న టీవీ ధర వెతికిన మనిషీ, ఇవాళ వార్తలు చదువుతున్న మనిషీ ఒకరేనని తెలిస్తేనే ఆ యాడ్‌కు రేటు పలుకుతుంది. సైట్లు మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తులను కుకీలంటారు, వాటితో గుర్తుపట్టేవాళ్లు. జనం కుకీలు తుడిచేయడం మొదలుపెట్టారు, కొన్ని బ్రౌజర్లు వాటిని ఆపేశాయి. మొబైల్ నెట్‌లో ఒకే బయటి ఐపీ నంబరును ఎంతోమంది పంచుకుంటారు కాబట్టి దాంతోనూ మనిషిని పట్టలేరు. అయితే ఒక ఇంట్లో ఉన్న పరికరాల కలగలుపు మాత్రం ఇంకో ఇంటికి సరిగ్గా పోలదు. ఫలానా కంపెనీ రౌటర్, ఫలానా టీవీ, ఒక ప్రింటర్, రెండు కెమెరాలు. ఈ మూట ఆ ఇంటికి వేలిముద్ర లాంటిది. కుకీ తుడుచుకోవచ్చు. యాడ్‌ల వాడు గుర్తుపడుతున్నాడని టీవీ మార్చుకోలేం కదా.

ఒక పాలమూరు ఇంటిని ఊహించుకోండి. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, ముసలి తల్లిదండ్రులు ఊళ్లో. వాళ్లు ఎట్లున్నరో చూసుకోవడానికి హాల్లో ఒక వైఫై కెమెరా పెట్టాడు. ఆ కెమెరా ఉందన్న ఒక్క ముక్క చాలు, ఎన్నో చెబుతుంది. తండ్రి నెట్‌కు కలుపుకున్న షుగర్ మిషనో బీపీ మిషనో వాడుతుంటే ఆ ఇంటి ఆరోగ్యం సంగతీ బయటపడుతుంది. అలో నొక్కింది బహుశా సెలవులకు వచ్చిన మనవడు, ఏదో ఆట కోసం. బయటికి పోయింది మాత్రం తాత వివరం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఒప్పుకున్నది ఒకరు, జాబితాకెక్కింది ఇల్లంతా. పెళ్లికి వచ్చి వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకున్న చుట్టాల ఫోన్లు కూడా అందులో ఉంటాయి.

వైఫైతో చోటు పట్టడం వేరే కథ. ప్రతి రౌటర్‌కూ తనదైన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని అది గాలిలో ప్రకటిస్తూనే ఉంటుంది. ఏ సంఖ్య ఏ వీధిలో వినిపిస్తుందో మ్యాపు తయారు చేసుకుంటే, జీపీఎస్ లేకుండానే ఫోన్ ఎక్కడుందో చెప్పవచ్చు. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఇన్‌మోబి అనే యాడ్ కంపెనీ ఇదే పని చేసిందని, లొకేషన్ వద్దన్నవాళ్లను కూడా వైఫై వివరాలతో కనిపెట్టిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2016 జూన్‌లో 9,50,000 డాలర్లు కట్టడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. ఆ తర్వాత ఆండ్రాయిడ్ వాళ్లు లొకేషన్ అనుమతి లేనిదే యాప్‌కు వైఫై పేరూ సంఖ్యా ఇవ్వకుండా కట్టడి చేశారు.

ఇక 2025 జూన్‌లో బయటపడ్డ సంగతి. దీన్ని మాత్రం నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఇది మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లలోనే జరిగింది.

లక్షల కొద్దీ సైట్లలో మెటా పిక్సెల్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. మెటా అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని కంపెనీ. మా యాడ్ చూసి ఎవరొచ్చారు, ఏం కొన్నారు అని లెక్క తెలుసుకోవడానికి సైటువాళ్లే పెట్టుకుంటారు. మనం క్రోమ్‌లో అటువంటి సైటు తెరిస్తే ఆ పిక్సెల్ మన బ్రౌజర్‌కు ఒక గుర్తు కుకీ ఇస్తుంది. అంతవరకు ఆ గుర్తుకు పేరు లేదు, ఎవరో ఒక మనిషి. అదే ఫోన్‌లో ఫేస్‌బుక్ గానీ ఇన్‌స్టాగ్రామ్ గానీ ఉంటే, మనం తెరవకపోయినా వెనక నడుస్తూ, 127.0.0.1 మీద కొన్ని పోర్టుల దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేవి. పిక్సెల్ ఆ కుకీని బ్రౌజర్ నుంచి ఆ పోర్టులకు అందించేది. వీడియో కాల్స్ కోసం బ్రౌజర్లలో పెట్టిన వెబ్‌ఆర్‌టీసీ అనే దారిని ఇందుకు వాడుకున్నారు. యాప్‌కు మనమెవరో తెలుసు, మన పేరుతో లాగిన్ అయి ఉంది. కుకీనీ పేరునూ కలిపి సర్వర్‌కు పంపేది. దాంతో బ్రౌజర్‌లోని ఆ ఎవరో ఒక మనిషికి ఇంటిపేరుతో సహా పేరు వచ్చేసింది.

చూసినవేవీ గుర్తు పెట్టుకోని ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచినా ఇది ఆగలేదు. బ్రౌజర్‌లో ఫేస్‌బుక్ లాగిన్ లేకపోయినా, కుకీలు తుడిచినా ఆగలేదు. ఎవరికీ చెప్పకూడని జబ్బు గురించి ఇన్‌కాగ్నిటోలో చదువుకున్నవాళ్లు, ఆ కిటికీ మూయగానే ఏమీ మిగలదనే కదా అనుకున్నారు.

స్పెయిన్‌లోని ఇమ్‌డియా నెట్‌వర్క్స్, నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్, బెల్జియంలోని కేయూ లూవెన్ పరిశోధకులు కలిసి దీన్ని కనిపెట్టారు. వాళ్ల లెక్క ప్రకారం మెటా ఈ పద్ధతిని 2024 సెప్టెంబర్ నుంచి వాడింది. రష్యాకు చెందిన యాండెక్స్ అయితే ఇలాంటిదే 2017 నుంచి నడిపింది. 2025 జూన్ 3న విషయం బయటికి వచ్చిన రోజే మెటా పిక్సెల్ ఆ మాటలు పంపడం ఆపేసింది. యాండెక్స్ కూడా ఆపింది. ఒక్కరోజులో ఆపగలిగిన పనిని అన్ని నెలలు నడిపారంటే, అది లేకుండా సైట్లకు ఏ పనీ ఆగిపోదనేగా అర్థం.

పొరుగింటివాడు కిటికీలోంచి తొంగిచూడటం వేరు. ఇక్కడ మన జేబులోని ఒక యాప్, మన ఫోన్‌లోనే ఉన్న బ్రౌజర్ గుట్టును ఆరా తీసింది. రెండూ మనం నమ్మి పెట్టుకున్నవే. లోపలివాళ్లంతా మనవాళ్లే అన్న పాత నమ్మకాన్ని యాడ్ వ్యాపారం ఎంతవరకు వాడుకోగలదో దీనితో తేలింది. నా బాధంతా అదే.

యాప్‌లకు బ్రౌజర్ కన్నా చనువు ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ అనుమతి మనల్ని అడగకుండానే యాప్‌కు దక్కుతుంది, ఇన్నేళ్లూ దానితో పాటే ఇంటి నెట్‌వర్క్ కూడా దక్కుతూ వచ్చింది. "ఇక్కడ ఎవరెవరున్నారు?" అని ఇంటిలో కేకవేసి అడిగే పద్ధతులు, టీవీకి సినిమా పంపడానికి, ప్రింటర్ వెతకడానికి పెట్టినవే, యాప్‌లకు అందుబాటులో ఉంటాయి. యాప్‌లో యాడ్‌ల కోసం కుట్టిన పరాయి ముక్క కూడా అదే కేక వేయగలదు. ఐఫోన్‌లో 2020 నుంచి, ఐఓఎస్ 14తో, ముందు మనల్ని అడిగి తీరాలి.

యాడ్‌ల దారి వెంట ఇంకా పెద్ద ప్రమాదం కూడా వచ్చింది. 2016లో డీఎన్‌ఎస్‌ఛేంజర్ అనే దాడిలో మామూలు సైట్లలోని యాడ్‌ల ద్వారానే దొంగ ప్రోగ్రామ్‌లు దిగాయి. ఇంటి లోపలి నంబరు కనుక్కుని, రౌటర్‌ను గుర్తుపట్టి, తెలిసిన లోపాలతోనో మార్చని పాస్‌వర్డ్‌తోనో దాని సెట్టింగులు మార్చాయి. అక్కడి నుంచి ఆ ఇంట్లో ఎవరు ఏ సైటు పేరు కొట్టినా, ఎక్కడికి పంపాలో దొంగల చేతిలోకి పోయింది. నేను చూసిన ఇళ్లలో చాలా రౌటర్లకు లోపలి యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. మనకు తెలిసిన వైఫై పాస్‌వర్డ్ వేరు, డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉండే ఈ పాస్‌వర్డ్ వేరు. ఆ తేడా బిగించేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఆ అక్కకు కనిపించిన పెట్టె ఇన్నేళ్ల గొడవకు వచ్చిన ఒక జవాబు. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, బయటి సైటు ఇంటి నెట్‌వర్క్‌ను గానీ 127.0.0.1 ను గానీ తట్టాలంటే ముందు అడగాలి. బ్రేవ్ బ్రౌజర్ అంతకు ముందే ఇలాంటి కట్టడి పెట్టింది. క్రోమ్ అడ్డు కూడా మొదటి విడతలో అన్ని దారులకూ లేదు. వెబ్‌సాకెట్ అనే ఇంకో దారినీ, వెబ్‌ఆర్‌టీసీ దారినీ తర్వాతి విడతకు ఉంచారు. మెటా చివరికి వాడుకున్నది వెబ్‌ఆర్‌టీసీ దారే. కాబట్టి పెట్టె రాలేదంటే ఎవరూ తట్టలేదని ధీమాగా ఉండకండి.

చట్టం సంగతికొస్తే, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అందులో మనకు పనికొచ్చే ఒక మాట ఉంది. అనుమతి అడిగేటప్పుడు ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉంది. లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ అన్న మూడు ముక్కలు తెలుగు అక్షరాల్లో పెడితే సరిపోదు. "మీ ఇంట్లో ఏయే వస్తువులు నెట్‌కు కలిసి ఉన్నాయో చూస్తాం" అని రాస్తే, మా షాపుకు వచ్చేవాళ్లలో ఎంతమంది అలో నొక్కుతారో నాకు బాగా తెలుసు.

షాపుకు వచ్చేవాళ్లు ఏం చేయాలని అడిగితే నేను చెప్పేది ఇంతే. మొదట రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించుకోండి. మీకు రాకపోతే కేబులాయనతోనే చేయించి, కొత్తది రాసి పెట్టుకోండి. రౌటర్‌లో గెస్ట్ వైఫై ఉంటే కెమెరాను, టీవీని, చుట్టాల ఫోన్లను దాని మీదికి మార్చండి. ఎప్పుడో ఒకసారి చూసే సోషల్ మీడియాకు యాప్ తీసేసి బ్రౌజర్‌లోనే చూడండి. ఫోన్‌లో చెవి పెట్టుకుని కూర్చునే యాప్ లేకపోతే కుకీ అందించడానికి అవతల మనిషే ఉండడు. కంప్యూటర్‌లో యాడ్‌లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వాడుతుంటే, బయటి సైట్లు ఇంటి నెట్‌వర్క్‌లో చొరబడకుండా ఆపే జాబితా ఒకటి దాని సెట్టింగుల్లో ఉంది. దాన్ని ఆన్ చేసుకోండి.

పది రోజుల తర్వాత ఆ అక్క ఫోన్ చేసింది. కొడుకు ఇంటికి ప్రింటర్ తెచ్చాడట, దాని కంపెనీ సైటులో నుంచే సెట్ చేస్తుంటే మళ్లీ అదే పెట్టె వచ్చిందట.

"ఈసారి ప్రింటరోల్ల సైటే తమ్మీ, పైన పేరు చదివిన. ప్రింటర్‌ను వెతుకుతాననే అడుగుతంది. దీనికి ఇయ్యొచ్చు గదా?"

ఇవ్వొచ్చక్కా అన్నాను. పని అయినంక ఆ అనుమతి మళ్లీ తీసేసుడు ఎట్లనో కూడా చెప్పమంది. అడ్రస్ బార్ ఎడమ పక్కన గుర్తు నొక్కమని చెప్పాను. ఫోన్ పెట్టకుండా లైన్‌లో ఉంచి, కొడుకుతో అప్పుడే చేయించింది.